వాటాల బజారుకు భారమితి ఉన్నదా?

భారమితిలో పాదరసమట్టము హఠాత్తుగా పడిపోయినచో తుపాను రానున్నదని గ్రహించి నావికుడు రేవు చేరును. స్టాకు మార్కెట్టులో సొమ్ము పెట్టినవారుకూడ ఇట్టి సాధనముకొరకే వెదకుచుందురు. గతకాలపు లెక్కలనుబట్టి రాబోవు ధరలను తెలిసికొనవచ్చునా? ఒక ప్రసిద్ధ సూచికను తీసికొని పరీక్షింతము.

ఒక కంపెనీ వాటా ధర 200 రూపాయలు, ఆ వాటాకు ఏటా వచ్చు లాభము 10 రూపాయలు అనుకొందాము. ధరను లాభముతో భాగించగా 20 వచ్చును. ఈ నిష్పత్తి పెరిగినకొలది వాటా ప్రియమైనదన్నమాట. అయితే ఒక ఏటి పంటను చూచి పొలమునకు విలువ కట్టరాదు గదా! అందుచేత అమెరికా మార్కెట్టును పరిశీలించిన జాన్ కాంబెల్, రాబర్టు షిల్లర్ అను అర్థశాస్త్రజ్ఞులు 1988లో పదేండ్ల లాభముల సగటును తీసికొనిరి; ద్రవ్యోల్బణపు ప్రభావమునుకూడ తొలగించిరి.

1881 నుండి లెక్కకట్టగా ఈ నిష్పత్తి దీర్ఘకాలపు సగటు సుమారు 17. 1929లో అది 30 దాటినది. ఆ సెప్టెంబరులో 381 వద్దనున్న డౌ జోన్సు సూచీ 1932 జులైనాటికి 41కి కూలినది. 2000 తొలినాళ్లలో నిష్పత్తి సుమారు 44. మరల పతనము వచ్చినది. ఇంకేమి, భారమితి దొరికినట్లే అనిపించును.

కాని 1996 డిసెంబరు సంగతి చూడుడు. అప్పుడు నిష్పత్తి సుమారు 28. ధరలు మితిమీరినవని ఆ ఇరువురు అమెరికా కేంద్ర బ్యాంకు పాలకమండలికి వివరించిరి. నాడు 500 పెద్ద కంపెనీల ధరలను తెలుపు ఎస్ అండ్ పి సూచీ దాదాపు 745. వెంటనే వాటాలు అమ్ముకొన్నవాడు ఏమి చూచెను? 2000 మార్చిలో సూచీ 1527కు ఎగసినది! 2002 అక్టోబరులో 776కు దిగినది. చివరకు 676కు పడినది 2009 మార్చిలో. అనగా పన్నెండేండ్లు దాటిన తరువాత.

ఇట్లేల జరిగినది? మొదటి కారణము అనుభవము చాలకపోవుట. 1881 నుండి 2020 వరకు 140 ఏండ్లున్నను, ఒకదానితో ఒకటి కలియని పదేండ్ల కాలములు 14 మాత్రమే. రెండవది మరింత ముఖ్యము. నావికుడు భారమితిని చూచినంతమాత్రమున సముద్రము మారదు. కాని వచ్చేనెల ధరలు పడునని అందరును నమ్మినచో నేడే అమ్ముదురు. నేడే ధర పడును. ఇచట కొలుచువాడుకూడ కొలవబడు వస్తువులో భాగమే.

ఇంకొక ప్రమాదమును తరగతిలోనే చూపవచ్చును. 32 మంది విద్యార్థులచేత తలకొక నాణెమును ఐదేసిసార్లు ఎగురవేయింపుడు. సగటున ఒకరికి ఐదుసార్లును బొమ్మయే పడును. అది అతని నేర్పు కాదు. అట్లే అనేక సూచికలను వెదకినచో గతమునకు చక్కగా సరిపోవునది ఒకటి దొరకకపోదు. దానిని కనుగొన్న తరువాతి సంవత్సరములతో పరీక్షించినపుడే దాని విలువ తేలును.

కాబట్టి సూచిక వ్యర్థమా? కాదు. వాటాలు ప్రియముగా ఉన్నవో చౌకగా ఉన్నవో అది చెప్పును. ప్రియముగా కొన్నవారికి రాబోవు పదేండ్ల రాబడి తక్కువగా ఉండుట మెండని హెచ్చరించును. పతనము ఎప్పుడో మాత్రము చెప్పదు. పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయుడు వచ్చే ఏడాది కుమార్తె పెండ్లికి దాచిన సొమ్మును ఏ సూచికను నమ్మియు ఈ బజారులో పెట్టరాదు. తుపాను వేళ తెలియనపుడు రేవు విడువకుండుటయే వివేకము.