మూడు ఊళ్ల గీతలు కలిసే చోటు

జమ్మలమడుగుకు ఆగ్నేయం, ప్రొద్దుటూరుకు నైరుతి, పులివెందులకు ఈశాన్యం. ఈ మూడూ కుదిరే ఊరు ఏది? కడప జిల్లావాళ్లను అడిగితే కాసేపు ఆలోచించి ఎర్రగుంట్ల అనో, ముద్దనూరు అనో అంటారు. రెండూ కావు. ఎర్రగుంట్ల ప్రొద్దుటూరుకు ఇంచుమించు తిన్నగా దక్షిణాన పడుతుంది. ముద్దనూరుదీ జమ్మలమడుగు నుంచి చూస్తే అదే తంతు. ఆ రెంటికీ మధ్యనున్న కలమళ్ళ మాత్రం మూడు షరతులకూ నిలబడుతుంది. క్రీ.శ. 575 నాటి రేనాటి చోళుల తెలుగు శాసనం దొరికిన కలమళ్ళే.

అయితే ఈ జవాబు ఊళ్ల పేర్లు ముందే తెలిసినవాళ్లకే దొరుకుతుంది. ఎనిమిది దిక్కుల్లో ఒక్కోదాని వాటా 45 డిగ్రీలు. జమ్మలమడుగు నుంచి కలమళ్ళ దాకా ఉన్న దూరంలో, అంటే 18 కిలోమీటర్ల అవతల, ‘ఆగ్నేయం’ అన్న ఒక్క మాట 14 కిలోమీటర్ల వెడల్పును కప్పేస్తుంది. పాత దానశాసనాల్లోనూ, కాలిన్ మెకంజీ సేకరించిన కైఫీయత్తులనే ఊళ్ల చరిత్రల్లోనూ పొలిమేరలు చెప్పేటప్పుడు తూర్పున ఫలానా గుట్ట, నైరుతిన ఫలానా చెట్టు అని రాసుకున్నారు. హద్దు కాలినడకలో ఉన్నంతవరకు ఆ పద్ధతికి వంక పెట్టలేం. దూరం పెరిగితే డిగ్రీలు కావాలి.

దిక్సూచిని అరచేతిలో బల్లపరుపుగా పట్టుకుని, ముల్లు ఊగడం ఆగేదాకా ఆగి, ఉత్తరం నుంచి కుడివైపుగా లెక్కపెట్టుకుంటూ వెళ్లి గుర్తు ఎన్నో డిగ్రీ దగ్గర ఉందో చూస్తే వచ్చేదే బేరింగ్. జమ్మలమడుగు నుంచి కలమళ్ళ దాదాపు 150, ప్రొద్దుటూరు నుంచి 240, పులివెందుల నుంచి 40. పులివెందుల నుంచి ఊరు ఎలాగూ కనబడదు, 40 కిలోమీటర్ల దూరం, మధ్యలో కొండలు. అందుకే ఇది పటం మీద కోణమాని పెట్టి చేసే పని. పటం మీద ఒక్కో ఊరి నుంచి ఒక్కో గీత గీస్తే అవి కలిసిన చోటే మనకు కావలసింది.

నన్నడిగితే, ఎంత ఖరీదైన దిక్సూచి అన్నదానికంటే ఎక్కడ నిలబడి చూశారన్నదే ముఖ్యం. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు గీతలు కలమళ్ళ దగ్గర ఇంచుమించు లంబంగా కోసుకుంటాయి. ఒక డిగ్రీ తప్పు చదివినా మొదటి గీత 300 మీటర్లు, రెండోది 200 మీటర్లు పక్కకు జరుగుతాయి, అంతే. ఆ మాత్రం తేడాతో ఊరు తప్పిపోం. ఇప్పుడు జమ్మలమడుగును తీసేసి పులివెందులను పెట్టండి. ఈ గీతా ప్రొద్దుటూరు గీతా మూయబోతున్న కత్తెరలా, దాదాపు 20 డిగ్రీల కోణంతో కలుస్తాయి. పులివెందుల దగ్గర ఒక డిగ్రీ తేడా వస్తే కలమళ్ళ చేరేసరికి అది 700 మీటర్లవుతుంది. కోసుకునే బిందువు మాత్రం ప్రొద్దుటూరు గీత పొడవునా రెండు కిలోమీటర్ల దాకా జారిపోతుంది! దిక్సూచి అదే, మనిషీ అదే. మరి పులివెందుల గీత దండగా అంటే కాదు. మొదటి రెండింటిలో ఏదైనా పెద్ద పొరపాటు జరిగి ఉంటే మూడో గీత దాన్ని బయటపెడుతుంది. మూడు గీతలూ ఒకే చుక్కలో కలవడం అరుదు, చిన్న త్రికోణం మిగులుతుంది. అది చిన్నదైతే పని సవ్యంగా సాగినట్టే.

ఇదే లెక్కను తిరగేసి చేయవచ్చు. దారి తప్పినవాడికి రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు 90 డిగ్రీల్లో, గండికోట కొండ 325లో కనబడ్డాయనుకోండి. 180 కలిపితేనో తీసేస్తేనో 270, 145 వస్తాయి. ఆ గుర్తుల నుంచి వెనక్కి గీతలు గీస్తే అతను ముద్దనూరుకు వాయవ్యాన ఉన్నట్టు తేలుతుంది.

ముల్లు చూపే ఉత్తరం, పటంలోని ఉత్తరం ఒకటి కావు. కడప ప్రాంతంలో ముల్లు నిజమైన ఉత్తరానికి సుమారు ఒక డిగ్రీ పడమరగా నిలుస్తుంది, ఏళ్లు గడిచేకొద్దీ అదీ మారుతుంది. ఇది లెక్కలో సర్దుకోగల తేడా. సర్దుకోలేనిది దగ్గరలోని ఇనుము: జేబులో తాళాలగుత్తి, పక్కన ట్రాక్టరు, మిద్దె మీద బయటికొచ్చిన కడ్డీలు. రాయి కూడా చేటు చేయవచ్చు. పులివెందుల ప్రాంతంలో రాతినార ఏర్పడింది సున్నపురాతి పొరల్లోకి డోలరైట్ అనే నల్లరాయి చొచ్చుకొచ్చిన చోట. డోలరైట్‌లో అయస్కాంత గుణమున్న ఖనిజం ఉంటుంది, దాని మీద నిలబడితే ముల్లు పక్కకు లాగవచ్చు. పట్టుకునే ఉపాయం సర్వేవాళ్లది: ఒక కొస నుంచి రెండో కొసకు, అక్కడి నుంచి మళ్లీ మొదటి కొసకు బేరింగ్ తీస్తారు. తేడా సరిగ్గా 180 రాకపోతే రెండింటిలో ఏదో ఒక కొసన, ఒక్కోసారి రెండు చోట్లా, ముల్లును ఏదో లాగుతోందన్నమాట.