కొండమీద నొక రాత్రి

గుడిమల్కాపూరు పూలబజారులో బంతి, చేమంతి మూరలకొలది కొనెడు మనకు హిమాలయములలో పూలలోయ యొకటి గలదని వినగానే చూడవలెనని యుబలాట మగుట సహజము. 1931వ సంవత్సరమున ఫ్రాంక్ స్మైత్ మొదలగువారు కామెట్ శిఖర మెక్కి మరలుచు గఢ్వాలు ప్రాంతమందలి యీ లోయను జూచిరి. 1982లో నిది జాతీయవన మయ్యెను. లోయలో రాత్రి నిలువరాదు. కావున యాత్రికులు మూట వీపున వేసికొని గోవింద్‌ఘాట్ వైపునుండి నడచి, ఘాంగరియాలో గదిలోనో డేరాలోనో పండుకొందురు.

హైదరాబాదు సముద్రమట్టమునకు సుమారు 1,750 అడుగుల యెత్తున నున్నది. ఘాంగరియా సుమారు 10,000 అడుగుల యెత్తు. అచ్చట నొక్కొక్క యూపిరితో నందు ప్రాణవాయువు ఇచ్చటికంటె దాదాపు నాలుగవవంతు తక్కువ. నీరు సుమారు 90 డిగ్రీలకే మరగును. కందిపప్పు త్వరగా మెత్తబడదు. అటుకులు, వేరుసెనగలు, బెల్లము వెంట నుంచుకొనుట మేలు.

అన్నిటికంటె ముఖ్యము దేహస్థితి. 8,000 అడుగులు దాటినపిదప తలనొప్పి, వికారము, నిద్రలేమి యెవరికైనను గలుగవచ్చును, బలిష్ఠులకును దప్పదు. మనలో ననేకులు జ్వరము వచ్చినను ఎవరికిని జెప్పక, వంట ముగించి, అందఱు భుజించిన తరువాత మూల గూర్చుందురు. ఇంటివారు దీనిని ఓర్పని మెచ్చుకొందురు. కొండమీద నీ యోర్పు ప్రాణాంతకము. తలనొప్పి యున్నంతవఱకు పైకెక్కరాదు. అది హెచ్చినను, నడక తూలినను, కూర్చున్నప్పుడును ఆయాసము వచ్చినను రాత్రియని చూడక క్రిందికి దింపవలెను. 10,000 అడుగులపైన రాత్రి విడిదిని దినమునకు 1,600 అడుగులకంటె నెక్కువ పెంచరాదు.

ఆడుబిడ్డలకు గొండ లేల యనువారు గలరు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో జదువుచు, భువనగిరి గుట్టపై శిక్షణ పొంది, 14 సంవత్సరములు నిండకమునుపే 2014 మే 25న ఎవరెస్టు శిఖరము నధిరోహించెను. అట్టి శిఖరమును సైతము విడిది విడిదికి నాగుచు, దేహమును పలుచని గాలికి అలవాటు చేసికొనుచు ఎక్కవలసినదే.

కావున కుమార్తెను కొండయాత్రకు బంపు తల్లి ఉన్నిదుస్తులతోపాటు "నొప్పి కలిగిన వెంటనే చెప్పుము, తిరిగివచ్చుటలో నవమానము లేదు" అని బోధింపవలెను. ఇంటిలో నొప్పిని దాచుట నేర్చిన బిడ్డ కొండమీద జెప్పజాలదు. కావున నీ పాఠము ఇంటనే ప్రారంభము కావలెను.