నల్లసిరాలతో నునుపైన ఛాయాచిత్రాలు

పొన్నూరులోని మా ఇంటి నడవ గోడకు ఒకే ముఖం రెండు పటాలలో వ్రేలాడుతున్నది. మొదటిది మా నాన్నగారు యువకులుగా ఉన్న కాలంలో, స్టూడియో తెర ముందు కుర్చీలో కూర్చుండి తీయించుకొన్న ఫొటో. రెండవది ఆయన పోయిన తరువాత, సంవత్సరీకం నాటికి ఆ ఫొటో నుంచే పెద్దదిగా అచ్చువేయించిన ప్రతి. ఆ ప్రతిని ఇంటికి తెచ్చిన సాయంత్రం ట్యూబులైటు వెలుగులో చూచి మా అమ్మ, "ముఖాన ఆ పచ్చదనం ఏమిటిరా? మీ నాన్న జబ్బు మనిషిలాగా ఉన్నారు" అన్నది. మరునాడు వసారాలోకి తీసుకొనిపోయి పగటి వెలుగులో చూడగా పచ్చదనం పోయి బుగ్గలమీద ఎర్రజీర కనిపించింది. నాలుగేండ్లు గడిచేసరికి కిటికీ వైపు ఉన్న భుజం వెలిసిపోయింది. పాత ఫొటో మాత్రం ఈనాటికీ చెక్కుచెదరలేదు.

ఈ దోషం ఫొటో తీసినవారిది కాదు. నలుపు తెలుపు చిత్రాన్ని రంగుసిరాలతో అచ్చువేయడంలోనే ఆ చిక్కు ఉన్నది. అది ఎందువలన కలుగుతున్నదో, దానిని తొలగించడానికి ప్రత్యేకమైన నల్లసిరాలు ఏ విధంగా తోడ్పడుతున్నవో తెలుసుకొందాము.

పాత ఫొటోలలోని నలుపు వెండి వలన ఏర్పడినది. కాగితంమీది జిగురుపొరలో వెండి లవణాలు వెలుగు సోకిన మేరకు సన్నని వెండి రేణువులుగా మారుతాయి. ఆ రేణువులు కంటికి అందనంత చిన్నవి. అందువలన తెలుపు నుంచి నలుపు వరకు ఛాయ ఎక్కడా తెగకుండా సాగిపోతుంది. సిరాను చిమ్మే ప్రింటరు పద్ధతి వేరు. అది కాగితంమీద చుక్కలు పెట్టుకొంటూ పోతుంది. ఒక్కొక్క చుక్క పరిమాణం కొద్ది పికోలీటర్లు మాత్రమే. పికోలీటరు అంటే లీటరులో లక్షకోట్లవ వంతు.

ఈ చుక్కను చిమ్మడంలో రేడియోకు దగ్గర చుట్టరికం గల సూత్రం ఒకటి ఉన్నది. కొన్ని స్ఫటికాలను నొక్కితే వాటిలో విద్యుత్తు పుడుతుంది. వాటికి విద్యుత్తు ఇస్తే అవి రవంత వంగుతాయి. పియరీ క్యూరీ, ఆయన అన్నగారు జాక్ క్యూరీ 1880లో ఈ గుణాన్ని మొదట కనిపెట్టారు. పాతకాలపు గ్రామఫోను పికప్పులలోను, కొన్ని మైక్రోఫోనులలోను పనిచేసినది ఈ గుణమే. ఎప్సన్ ప్రింటర్లలో ఇటువంటి పదార్థమే విద్యుత్తుకు వంగి, సన్నని రంధ్రం నుంచి సిరాను బయటకు నెట్టుతుంది. మరికొన్ని సంస్థల యంత్రాలలో వేడివలన పుట్టిన బుడగ ఆ పని చేస్తుంది.

ఇప్పుడు బూడిదవన్నె విషయానికి వద్దాము. ప్రింటరులో ఒక్క నల్లసిరాయే ఉన్నదనుకొందాము. నుదుటిమీది లేతఛాయను అది ఎట్లా చూపగలదు? కాగితంలో తొమ్మిది వంతులు తెల్లగా వదలి, ఒక వంతులో మాత్రమే నల్లచుక్కలు పెట్టవలసి ఉంటుంది. తొలకరినాడు దుమ్ముపట్టిన బాటమీద పెద్ద చినుకులు నాలుగు పడితే ఎట్లా ఉంటుందో మీరు చూచే ఉంటారు. తడిసినచోట మచ్చ, తడవనిచోట దుమ్ము. నుదుటిమీద నల్లచుక్కలు ఆ విధంగానే గరుకుగా కనిపిస్తాయి. ఈ గరుకుదనం తప్పించడానికి మామూలు ప్రింటరు నీలం, ఎరుపు, పసుపు సిరాలను సమపాళ్ళలో కలిపి బూడిదవన్నెను పుట్టించ చూస్తుంది. అయితే ఆ మూడింటి తూకం ఏ కొంచెం తప్పినా పచ్చదనమో ఎర్రజీరయో పొడచూపుతుంది. తూకం ఒక వెలుగులో కుదిరినా మరొక వెలుగులో నిలువదు. ట్యూబులైటులోని కాంతి కూర్పు వేరు, ఎండలోని కూర్పు వేరు. మా అమ్మ చూచిన పచ్చదనానికి కారణం ఇదే.

దీనికి మార్గం చినుకుకు బదులు తుంపర కురిపించడం. నల్లసిరాను పలుచన చేసి, ముదురు బూడిద, నడిమి బూడిద, లేత బూడిద అని అనేక మెట్లుగా తయారుచేస్తారు. నుదుటిమీద లేతసిరాయే దట్టంగా, దాదాపు కాగితమంతా కప్పేటట్లు పడుతుంది. చుక్కకు, చుక్క వెనుకనున్న కాగితానికి తేడా స్వల్పం కనుక కంటికి చుక్క తెలియదు. రంగుసిరాలు లేవు కనుక, లేదా నామమాత్రంగా ఉంటవి కనుక, వెలుగు మారినా వన్నె అంతగా మారదు.

అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో చిత్రముద్రణశాల నడిపిన జాన్ కోన్ 2000 సంవత్సరంలో పీజోగ్రఫీ అనే పేరుతో ఇటువంటి సిరాల పద్ధతిని ప్రవేశపెట్టారు. ప్రింటరులోని రంగుసిరాలను తీసివేసి, వాటి స్థానంలో బొగ్గుమసితో చేసిన బూడిదసిరాలను నింపడం అందులోని కీలకం. తరువాత ఆ మెట్లు ఏడు వరకు పెరిగాయి. రాయ్ హారింగ్టన్ రచించిన క్వాడ్‌టోన్ రిప్ అనే కంప్యూటరు కార్యక్రమం, ఏ సిరా ఎక్కడ ఎంత పడవలెనో నిర్ణయించే అధికారాన్ని ముద్రించేవాని చేతికే ఇచ్చింది. 2005లో ఎప్సన్ సంస్థ తన అల్ట్రాక్రోమ్ కె-3 సిరాలలో మూడు మెట్ల నలుపును ఒకేసారి వాడే ఏర్పాటు చేసింది.

సిరాలు ఎన్ని ఉన్నా, ఒకటి ముగిసినచోట మరొకటి హఠాత్తుగా మొదలైతే చిత్రంలో గీత పడుతుంది. మా స్టూడియోలో ఒక సంగీతాన్ని మెల్లగా తగ్గిస్తూ ఉండగానే రెండవదానిని మెల్లగా పెంచుతాము. వినేవారికి అతుకు తెలియదు. సిరాల విషయంలోనూ అంతే. లేతసిరా తగ్గకముందే నడిమిసిరా సన్నగా ప్రవేశించవలెను. ఈ పంపకం సరిగా ఉన్నప్పుడే నునుపు సిద్ధిస్తుంది.

పంపకం సరిగా ఉన్నదో లేదో కంటితో కాక, కొలతతో తెలుసుకోవలెను. మొదట ఆ కాగితం ఎంత సిరాను పీల్చుకోగలదో చూడవలెను. ఒక హద్దు దాటిన తరువాత సిరా ఎంత పోసినా నలుపు పెరగదు. పైపెచ్చు చీకటి భాగాలలోని వివరాలు మూసుకొనిపోతాయి. ఆ హద్దు తెలిసిన పిమ్మట, తెలుపు నుంచి నలుపు వరకు నూటికి అయిదేసి వంతులు పెంచుతూ 21 మెట్ల పట్టీ ఒకటి అచ్చువేసి, వీలైతే ఒక రోజు ఆరనిచ్చి, ప్రతి మెట్టు నలుపును మాపకంతో కొలుస్తారు. మెట్లు ఒకచోట ఇరుకుగా, మరొకచోట ఎడంగా ఉంటే ఆ లెక్కను బట్టి కార్యక్రమాన్ని సవరిస్తారు. కాగితం మారినా సిరా మారినా ఈ పని మళ్ళీ చేయవలసినదే.

నునుపు అనేది ప్రింటరు దగ్గర మొదలు కాదు. పాతఫొటోను స్కానరుమీద పెట్టినప్పుడే మొదలవుతుంది. సాధారణమైన 8 బిట్ల పద్ధతిలో తెలుపు నలుపుల మధ్య 256 మెట్లు మాత్రమే ఉంటాయి. వెలిసిపోయిన ఫొటోలో వాటిలో 60 మెట్లే మిగిలినవనుకొందాము. దానికి జీవం పోయడానికి ఆ 60ని 180 మెట్ల మేరకు సాగదీస్తే, ప్రతి అడుగూ మూడు మెట్ల దూకుడు అవుతుంది. బుగ్గమీద, ఆకాశంలో చారలు పడేది ఇందువలననే. 16 బిట్ల పద్ధతిలో 65,536 మెట్లు గలవు. ఎంత సాగదీసినా అతుకు కనిపించదు.

ఇక సిరా మన్నిక. మామూలు రంగుసిరాలలో చాలవరకు నీటిలో కరిగే అద్దకాలు. అవి ఎండకు, గాలికి తేలికగా వెలుస్తాయి. బొగ్గుమసి అట్లా కాదు. మన పెద్దలు తాటాకుమీద గంటంతో వ్రాసి, ఆ గీతలలో మసిని పసరుతో కలిపి రుద్దేవారు. ఆ అక్షరాలు వందల ఏండ్లు నిలిచినవి. మనకు మసి అంటే దీపపు పొగ, సంస్కృతంలో మషి అంటే సిరా. ఈ రెండింటి చుట్టరికం ఊరక కలిగినది కాదు. అయితే ఒక సంగతి: పలుచన చేసిన శుద్ధమైన మసి కాగితంమీద కొంచెం గోధుమ వన్నెకు తిరుగుతుంది. తటస్థమైన నలుపు కావలెనన్నవారికి తయారీదారులు అందులో కొద్దిగా నీలిరంగు కలుపుతారు. ఆ రంగు మసియంత మన్నికైనది కాదు గనుక, కలకాలం నిలువవలసిన చిత్రానికి గోధుమ వన్నెయే మేలు.

కాగితం విషయంలో మన ప్రాంతానికి కొంత సంబంధం ఉన్నది. కొయ్యగుజ్జుతో చేసే నాసి కాగితంలో లిగ్నిన్ అనే పదార్థం మిగిలిపోయి, కాలక్రమంలో దానిని పసుపుపచ్చగా మార్చివేస్తుంది. పత్తిలో ఆ పదార్థం దాదాపు లేదు. జిన్నింగు మిల్లులో దూది తీసిన తరువాత గింజకు అంటుకొని ఉండే పొట్టి నూగు చిత్రముద్రణకు వాడే మేలైన కాగితాలకు ముడిపదార్థం. కాగితాన్ని మరీ తెల్లగా చూపే రసాయనాలు కలిపినవి కొన్ని ఉంటాయి. ఆ తెలుపు కొన్నాళ్ళకే తగ్గుతుంది. మెరుపులేని పత్తికాగితానికి ఒక నల్లసిరా, మెరుపు కాగితానికి మరొక నల్లసిరా తగి ఉంటాయి. ఒకదాని బదులు మరొకటి వాడితే నలుపు బూడిదవలె పాలిపోతుంది. మెరుపు కాగితంలో నలుపు లోతు ఎక్కువ. మెరుపులేనిదానిలో మార్దవం ఎక్కువ.

ఈ సిరాలతో చికాకులూ ఉన్నవి. మసి బరువు గనుక అడుగున పేరుకొంటుంది. మన వేసవి వడగాడ్పులకు సన్నని రంధ్రాలలో ఎండిపోయి బిగుసుకొంటుంది. ఒక్క రంధ్రం మూసుకొన్నా ముఖంమీద తెల్లగీత పడుతుంది. వారానికి ఒకసారైనా చిన్న ప్రతి తీయడం, ప్రతి ముద్రణకు ముందు రంధ్రాల పరీక్షా పత్రం వేసి చూడడం అవసరం. ఒకసారి నల్లసిరాలు నింపిన ప్రింటరును మళ్ళీ రంగుకు మార్చడం శ్రమ. దానిని ఈ పనికే కేటాయించవలెను. ఏడాదికి రెండు ఫొటోలు వేసుకొనే ఇంటికి ఇంత ఖర్చు తగదు.

అట్టివారు స్టూడియోకు వెళ్ళినప్పుడు మూడు ప్రశ్నలు అడిగితే చాలును. మీరు వాడే సిరా అద్దకమా, పొడిరంగా? నలుపులో ఎన్ని మెట్ల సిరాలున్నవి? కాగితం పత్తిదేనా? తరువాత అరచేతి అంత ప్రతి ఒకటి ముందుగా తీయించి, ట్యూబులైటు కింద ఒకసారి, చెట్టునీడన పగటి వెలుగులో ఒకసారి చూడండి. రెండుచోట్లా ఒకే వన్నె కనిపిస్తేనే పెద్దది చేయించండి. పటం కట్టించేటప్పుడు అద్దం ఫొటోకు అంటకుండా సందు ఉంచమనండి. తడిపూలదండ అద్దానికి ఆనకుండా, ఎండ నేరుగా పడని గోడకు తగిలించండి.

మా నాన్నగారి ఫొటోను ఈ మధ్య మూడవసారి, ఈ జాగ్రత్తలన్నీ తీసుకొని, పత్తికాగితంమీద మసిసిరాలతో వేయించాను. అమ్మ దానిని దీపం దగ్గర చూచింది, వాకిట్లోకి తీసుకొనిపోయి చూచింది. ఏమీ అనలేదు. పచ్చబడిన ప్రతిని తీసివేసి, ఆ మేకుకు దీనిని తానే తగిలించింది.