లాటినోల వస్తుప్రదర్శనశాలలు

లాటినో యను శబ్దము స్పానిషు భాషలోని 'లాటినో అమెరికానో' యను జంటపదమునుండి వచ్చినది. ఉత్తరపదము లోపింపఁగాఁ బూర్వపదమే సమస్తార్థమును దెలుపుచు నిలిచినది. సత్యభామను సత్య యనియు, భామ యనియు వ్యవహరించుట వంటిదే యిది. అమెరికా సంయుక్తరాష్ట్రములందు మెక్సికో, ప్యూర్టో రీకో, క్యూబా మున్నగు దేశములతో వంశసంబంధము గలవారి కెల్ల నిది సామాన్యనామము. 2020వ సంవత్సరపు జనాభా లెక్కలలో వీరి సంఖ్య 6 కోట్ల 21 లక్షలు. అనఁగా నూటికి దాదాపు 19.

వీరినందఱిని వలసవచ్చినవారనుట పొరపాటు. 1848వ సంవత్సరపు సంధిచే మెక్సికో రాజ్యపు టుత్తరభాగము సంయుక్తరాష్ట్రములకుఁ జెందినపుడు అచ్చటి జనులు తామున్న చోటనే యుండఁగా ఏలిక మాఱినది. ప్యూర్టో రీకో ద్వీపము 1898లో స్పెయినునుండి సంక్రమించినది. 1917లో ద్వీపవాసులకుఁ బౌరసత్వ మీయఁబడినది. ఇట్టివారి చరిత్ర వారి బిడ్డలు చదువు పుస్తకములలోఁ గానరాకుండుటయే యీ ప్రదర్శనశాలలు పుట్టుటకు మూలకారణము. కావున నివి ధనికుల సొమ్ముల పెట్టెలనుండి గాక బడిగదులనుండి వెలువడినవి.

ఇందుకు మేలైన యుదాహరణము న్యూయార్కు నగరమందలి 'ఎల్ మ్యుసియో డెల్ బారియో'. పేటయొక్క మ్యూజియమని దీని యర్థము. బారియో శబ్దమునకు మూలము వెలుపలి దను నర్థము గల అరబీ శబ్దము. ఊరి వెలుపలి భాగమునకుఁ జెల్లిన మాట తుదకు విద్యాస్థానమున కెక్కినది. తూర్పు హార్లెము పేటలోఁ బ్యూర్టో రీకో కుటుంబములు పెక్కులు కాపురముండెను. బడులలోఁ దమ సంస్కృతికిఁ దావు లేదని తల్లిదండ్రులు పట్టుపట్టఁగా, 1969లో నా బడుల యధికారి రాఫాయెల్ మోంటాన్యెజ్ ఒర్టీజ్ అను చిత్రకారుని, ఉపాధ్యాయుఁడు కూడ నైనవానిని, పాఠోపకరణములు సిద్ధపఱుప నియమించెను. ఆతఁడు ఉపకరణములతోఁ దృప్తినొందక మ్యూజియమునే సంకల్పించెను. ఈతఁ డంతకుముందు పదుగురి యెదుటఁ బియానో వాద్యములను గొడ్డలితో ముక్కలు చేసి, యదియును గళయే యని వాదించి పేరొందినవాఁడు. పగులఁగొట్టుటలోఁ బ్రసిద్ధుఁడైనవాఁడు భద్రపఱుచు శాలకుఁ గర్త యగుట విచిత్రమే.

మొదట నొక బడిలోని గదియే మ్యూజియము. పిమ్మట నొక యిల్లు, అంగడి కొట్లు. 1977లోఁ గాని ఐదవ ఎవెన్యూలో స్థిరమైన చోటు చిక్కలేదు. కొలంబసు రాకకుఁ బూర్వము ఆ ద్వీపముల నున్న తాయినో జాతివారి వస్తువులును, పల్లెశిల్పులు కొయ్యతోఁ జెక్కిన పుణ్యపురుషుల బొమ్మలును, ఆధునిక చిత్రములును అందుఁ గలవు. తాయినోల మాటలు స్పానిషులోఁ జేరి నిలిచినవి. త్రాటి ఊయలపడకకు హమాకా, దోనెకుఁ గనోవా, పెనుగాలికి ఉరకాన్ అను పేళ్లు వారివే. ఆ సముద్రప్రాంతపు భాషలలోఁ బుట్టిన పపాయ శబ్దము ఐరోపావారి యోడలెక్కి వచ్చి తెలుగువారి పెరటిలో బొప్పాయి యైనది. ఒక్క ఱాతిబొమ్మను జూపి యిట్టి మాటల కథ చెప్పఁగల గురువున్నప్పుడే అద్దపుఁబెట్టెలోని వస్తువు బాలునితో మాటలాడును. లేనిచో నది వట్టి ఱాయి. బడిపిల్లలతో జనవరి నెలలో ముగ్గురు రాజుల పండుగ యూరేగింపు నడపుటయు నీ శాల పనులలో నొకటి.

కాలక్రమమున నీ శాల లాటిను అమెరికా యంతటిని దన విషయముగాఁ జేసికొనఁగా, ఇది తమకు దూరమగుచున్నదని పేటవారిలోఁ గొంద ఱాక్షేపించిరి. ఆక్షేపము నిష్కారణము గాదు. పేరులోఁ బేట యుండఁగాఁ బేట పిల్లలకు మొదటి పీట వేయుట న్యాయము.

చికాగోలోని మెక్సికను కళల జాతీయ మ్యూజియమునకును మూలపురుషు లుపాధ్యాయులే. కార్లోస్ టోర్టొలేరో 1982లో మఱికొందఱు గురువులతోఁ గూడి 900 డాలర్లతోఁ బూనుకొనఁగా, 1987లోఁ బిల్సెన్ పేటలో శాల తెఱవఁబడినది. ప్రవేశమునకు రుసుము లేదు.

పేటలవారు తమంతఁ దామిట్లు పాటుపడుచుండఁగా దేశపు పెద్దసంస్థ యేమి చేసినదను ప్రశ్న పుట్టక మానదు. వాషింగ్టనులోని స్మిత్సోనియను సంస్థ తాను నియమించిన సంఘమే 1994లో నొక నివేదిక వ్రాసి, దానికి బుద్ధిపూర్వకమైన యుపేక్ష యని పేరు పెట్టెను. వ్యాకరణమున లోపమనఁగా ఉండవలసినది కానరాకుండుట. మొదటినుండియు లేనిదానికి లోపము చెప్పరు. లాటినోల విషయమున నివేదిక చూపినది సరిగా నిట్టి లోపమునే. 1997లోఁ బ్రత్యేక కేంద్రమొకటి యేర్పడినది. లాటినో జాతీయ మ్యూజియమునకు శాసనము 2020 డిసెంబరులోఁ గాని వెలువడలేదు. ప్రత్యేకభవనము లేనందున, అమెరికా చరిత్ర మ్యూజియములోనే 2022 జూను 18వ తేదీన నొక ప్రదర్శనమందిరము తెఱవఁబడినది. అందలి వివరణపత్రములు ఇంగ్లీషున, స్పానిషున రెంటను వ్రాయఁబడినవి.

వివాదము వెంటనే యారంభమైనది. అందుఁ జూపిన చరిత్ర లాటినోలను బాధితులుగా మాత్రమే చిత్రించుచున్నదని వారిలోనే కొందఱు తప్పుపట్టిరి. 2023లో ప్రతినిధిసభలోని యొక సంఘము ధనసహాయమును నిలుప నుద్దేశించెను. అంతకంటె నెక్కుడుగా విద్యను దాఁకినది వేఱొకటి. మ్యూజియపు పనిలో విద్యార్థులకుఁ దర్ఫీదు నిచ్చు నేర్పాటులో లాటినోలకే ప్రాధాన్య మిచ్చుచున్నారని 2024 ఫిబ్రవరిలో నొక సంఘము దావా తెచ్చెను. మార్చిలో రాజీ కుదిరినది. ఆ తర్ఫీదు జాతిభేదము లేక యెల్లరకు సమానముగాఁ దెఱచియున్నదని సంస్థ ప్రకటించుటకు సమ్మతించెను.