వార్తల్లో పదం: మెథడ్ ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్

పర్వతారోహణమును అభ్యసించినవారిని శిక్షకులుగా తీర్చిదిద్దు కోర్సు పేరిది. 1965లో ఉత్తరకాశియందు స్థాపితమైన నెహ్రూ పర్వతారోహణ సంస్థలో, ప్రాథమిక శిక్షణయందు ‘ఎ’ గ్రేడు పొందినవారు ఉన్నత శిక్షణకును, అందును ‘ఎ’ గ్రేడు సాధించినవారు దీనికిని అర్హులగుదురు. శిక్షకుడగుటకు తాను శిఖరమెక్కుట చాలదు. క్రమముగా బోధించుట, శిష్యుని దోషమును గుర్తించి దిద్దుట, వాని ప్రాణమునకు పూచీపడుట శిక్షకునకు అత్యావశ్యకములు.

నాటి ఆదిలాబాదు జిల్లా పొరుగుననుండిన నిజామాబాదు జిల్లా గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, భువనగిరి శిలపై తొలిపాఠములు నేర్చి, 2014 మే 25న ఎవరెస్టు నధిరోహించినది. అట్టి సాహసికులు గురువులును కాగలిగిననాడే కరీంనగర్, ఆదిలాబాదు పల్లెలయందు ఈ విద్య స్థిరముగా వేరూనగలదు.