మీకు తెలుసా? మిత్ర పురుగులూ జీవ మందులూ

మిరప ఆకు కింద పేనుబంక కనిపించగానే స్ప్రేయర్ భుజానికి తగిలించుకుంటాం. అదే ఆకు మీద ఆ పేనుబంకను తింటున్న మరో పురుగు ఉందేమోనని చూడం. అక్షింతల పురుగు, అల్లిక రెక్కల పురుగు, మిరిడ్ నల్లి, తూనీగ, వీటితో పాటు సాలీడు. కూలి అడగకుండా చేలో పగలూ రాత్రీ పనిచేసే మిత్రులివి. రసాయన మందు వీటినీ చంపుతుందని తెలుసుకుని ఎందరో రైతులు జీవ మందుల వైపు మళ్లారు. మంచి మార్పు. మరి జీవ మందు మిత్ర పురుగును అసలు ముట్టుకోదా? ఒక్కో మందుది ఒక్కో తీరు. అవేమిటో చూద్దాం.

● 129 పురుగులు తోటల్ని నిలబెట్టాయి

1880ల్లో అమెరికాలోని కాలిఫోర్నియాలో బత్తాయి, నిమ్మజాతి తోటల్ని దూది అంటించినట్టుండే పొలుసు పురుగు పీల్చి పిప్పిచేసింది. ఆల్బర్ట్ కోబెలె అనే కీటక శాస్త్రవేత్త 1888లో ఆస్ట్రేలియా వెళ్లి, దాన్ని తినే ఒక జాతి అక్షింతల పురుగును వెతికి ఓడలో పంపారు. మొదటి విడతల్లో చేరినవి మొత్తం 129. ఏడాది రెండేళ్లలోనే తోటలు తేరుకున్నాయి. 1940ల్లో ఆ ప్రాంతంలో డి.డి.టి. కొట్టడం మొదలయ్యాక అక్షింతల పురుగులు చచ్చాయి, పొలుసు పురుగు మళ్లీ విరుచుకుపడింది. మిత్ర పురుగు విలువ అది పోయాకే తెలిసివచ్చింది.

● మిత్రుడి పిల్లను మనమే నలిపేస్తున్నాం

ఎర్రటి గుండ్రటి వీపు మీద నల్లచుక్కలున్న అక్షింతల పురుగును అందరూ గుర్తుపడతారు. దాని పిల్ల పురుగు అలా ఉండదు. పొడవుగా, నల్లగా, ఒంటి మీద నారింజ మచ్చలతో, ఆరు కాళ్ల బుల్లి మొసలిలా ఆకు మీద పరుగెడుతుంది. చూడగానే ఇదేదో పంటను తినే పురుగనుకుని చాలామంది వేళ్లతో నలిపేస్తారు. నిజానికి ఈ వయసులోనే దాని ఆకలి ఎక్కువ. కోశ దశకు చేరేలోగా ఒక్కో పిల్ల వందల కొద్దీ పేనుబంక పురుగుల్ని తింటుంది. మందుకు ముందుగా బలయ్యేదీ ఈ లేత వయసులోనే.

● వెంట్రుక కాడ మీద గుడ్డు

ఆకును వెలుతురుకు పట్టి ఏటవాలుగా చూడండి. వెంట్రుకంత సన్నటి తెల్లని కాడ, దాని కొసన ఆవగింజ కంటే చిన్న గుడ్డు కనిపిస్తే అది అల్లిక రెక్కల పురుగు గుడ్డు. ఈ పిల్లలు ఎంత ఆకలితో ఉంటాయంటే, పక్కనున్న తోబుట్టువు గుడ్డునైనా తినేస్తాయి. అందుకే తల్లి ఒక్కో గుడ్డునూ విడిగా, అందనంత ఎత్తులో నిలబెడుతుంది. పిల్లలు పేనుబంకను, పిండినల్లిని, తెల్లదోమ పిల్లల్ని, రెక్కల పురుగుల గుడ్లను పీల్చేస్తాయి. పెద్ద పురుగు మాత్రం ఎక్కువగా పూల తేనెతో, పుప్పొడితో బతుకుతుంది. గట్ల మీద పూల మొక్క లేకపోతే అది మన చేలో ఆగదు.

● బి.టి. అన్నిటికీ విషం కాదు

బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియానే మనం బి.టి. అంటాం. దాని విషం స్ఫటిక రూపంలో ఉంటుంది. లద్దె పురుగు ఆకుతో పాటు దాన్ని మింగితే, కడుపులోని క్షార గుణానికి స్ఫటికం కరిగి, పేగు గోడకు అతుక్కుని చిల్లులు పొడుస్తుంది. కొద్ది గంటల్లో పురుగు తిండి మానేస్తుంది, రెండు మూడు రోజుల్లో చస్తుంది. లద్దె పురుగుల కోసం తయారైన కుర్‌స్టాకి రకం అక్షింతల పురుగు కడుపులోనో, సాలీడు కడుపులోనో ఇలా పనిచేయదు. కాబట్టి పురుగుల్ని వేటాడి తినే పరభక్షులకు ఇది చాలా మెత్తని మందు. అయినా ఒక చిక్కుంది. లద్దె పురుగులన్నీ ఒక్కసారిగా పోతే, వాటి మీద బతికేవి తిండి వెతుక్కుంటూ వెళ్లిపోతాయి. పత్తి చేలో అలసంద సాళ్లు వేసుకోమనేది ఇందుకే. అలసందకు పట్టిన పేనుబంక అక్షింతల పురుగులకు అన్నం పెట్టి నిలుపుతుంది.

● పట్టుగూళ్ల రైతు జాగ్రత్త

బి.టి.ని మొదట గుర్తించింది జపాన్‌లో, 1901లో, చచ్చిపోతున్న పట్టుపురుగుల్లోనే. పట్టుపురుగు కూడా లద్దె పురుగే కదా, దానికీ ఈ మందు ప్రాణాంతకం. బవేరియా బూజు కథా అంతే. 1835లో ఇటలీలో అగొస్టీనో బస్సీ, పట్టుపురుగులు తెల్లబూజు పట్టి సున్నపు ముక్కల్లా గట్టిపడి చావడానికి కారణం ఈ బూజేనని నిరూపించారు. బవేరియా బాసియానా అనే దాని పూర్తి పేరులో రెండో మాట ఆయన పేరే. హిందూపురం చుట్టుపక్కల్లాగా మల్బరీ తోటలున్న చోట పక్క చేలో బి.టి. గానీ బవేరియా గానీ కొట్టాలంటే పట్టు రైతుతో మాట్లాడకుండా కొట్టొద్దు.

● వైరస్‌ను మిత్రులే మోసుకెళ్తాయి

శనగపచ్చ పురుగుకూ, పొగాకు లద్దె పురుగుకూ కొట్టే ఎన్.పి.వి. ద్రావణం ఒక వైరస్. శనగపచ్చ పురుగుది పొగాకు లద్దె పురుగుకు పనిచేయదు, దేనిది దానికే. సీసా మీద ఎల్.ఇ. అని రాస్తారు. ఒక ఎల్.ఇ. అంటే రోగంతో చచ్చిన ఒక పెద్ద లద్దె పురుగులో ఉండేంత సరుకు, 600 కోట్ల వైరస్ గుళికలు. జబ్బు పడ్డ పురుగు మొక్క కొసకు పాకి తలకిందులుగా వేలాడుతూ చస్తుంది. ఆ కళేబరాన్ని తిన్న పరభక్షి నల్లులకు ఏమీ కాదు. పైగా వాటి రెట్టలో వైరస్ చెడకుండా బయటపడి కొత్త మొక్కలకు చేరుతుంది. మందూ మిత్రుడూ చేయి చేయి కలిపి పనిచేసే చోటు ఇది.

● వేప పెద్దల్ని వదిలినా పిల్లల్ని వదలదు

వేపగింజలోని అజాడిరక్టిన్ పురుగు కుబుసం విడవకుండా అడ్డుపడుతుంది. కుబుసం విడవలేని పురుగు ఎదగదు. ఎదిగిన అక్షింతల పురుగుకు ఇక కుబుసం విడిచే పనే లేదు కాబట్టి వేప దాన్ని పెద్దగా బాధించదు. దాని లేత పిల్ల మీద, అల్లిక రెక్కల పురుగు పిల్ల మీద నేరుగా పడితే మాత్రం అవీ ఎదుగుదల ఆగి చావచ్చు. 5 కిలోల వేపగింజల పప్పు పొడిని రాత్రంతా నానబెట్టి, వడకట్టి, 100 లీటర్ల ద్రావణం చేస్తే 5 శాతం కషాయం. మోతాదు పెంచితే మేలు పెరుగుతుందనుకోవద్దు. పెరిగేది మిత్రులకు హాని. వేపనూనె మరీ చిక్కగా కొడితే ఆకులే మాడతాయి.

● బూజు మందుకు తన పర తెలియదు

బవేరియా, మెటారైజియం అనే బూజు మందులు పనిచేయడానికి పురుగు వాటిని తినక్కర్లేదు. బూజు విత్తు ఒంటికి అంటితే చాలు, తేమ తగలగానే మొలకెత్తి చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. ఇవి చాలా జాతుల పురుగులకు సోకుతాయి. ప్రకృతిలో బవేరియా పట్టి తెల్లగా మారిన అక్షింతల పురుగులూ దొరుకుతాయి. ప్రయోగశాలలో చిక్కటి మోతాదులో ముంచినప్పటి నష్టం చేలో సాధారణంగా కనిపించదు. ఎండ, గాలి, పొడి వాతావరణం విత్తుల్ని త్వరగా చంపేస్తాయి. అయినా మిత్ర పురుగుల్ని కొని వదిలిన వారంలోనే బూజు మందు కొట్టడం తెలివైన పని కాదు.

● రమ్ము బట్టీ మట్టిలో పుట్టిన మందు

మిరపలో తామర పురుగులకూ కాయతొలుచు పురుగుకూ కొట్టే స్పైనోసాడ్, మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి నుంచి వచ్చింది. 1982లో కరీబియన్ దీవుల్లో మూతపడ్డ రమ్ము బట్టీ దగ్గర తీసిన మట్టిలో అది దొరికింది. అక్షింతల పురుగు, అల్లిక రెక్కల పురుగు వంటి పరభక్షుల్లో చాలావాటిని ఇది అంతగా బాధించదు. గుడ్లను నాశనం చేసే ట్రైకోగ్రామా వంటి పరాన్నజీవి కందిరీగలకు మాత్రం గట్టి దెబ్బ. మందు తడిగా ఉన్నంతసేపు తేనెటీగలకూ ప్రమాదమే, ఆరాక ముప్పు బాగా తగ్గుతుంది. ఈ కందిరీగల్ని వదలడానికి ట్రైకో కార్డులు కట్టిన చేలో స్పైనోసాడ్ కొడితే, కార్డుల డబ్బు మన చేతులతో మనమే నీళ్లలో పోసినట్టు.

● ఆకు నుంచి వచ్చిందల్లా సాత్వికం కాదు

పొగాకు కషాయం ఇంట్లో కాచినదే కావచ్చు. అందులోని నికోటిన్‌కు శత్రువూ మిత్రుడూ ఒకటే, తగిలిన పురుగునల్లా చంపుతుంది, కొట్టే మనిషికీ హాని. నికోటిన్ సల్ఫేట్ వాడకాన్ని మన దేశంలో నిషేధించారు. చేమంతి జాతి పూల నుంచి తీసే పైరిత్రం కూడా మిత్రుల్ని పడగొడుతుంది. ఎండలో గంటల్లో విరిగిపోవడం ఒక్కటే దానిలోని ఊరట.

● మెత్తని మందు అని ఎలా తేలుస్తారు?

అంతర్జాతీయ జీవ నియంత్రణ సంస్థ దీనికో కొలబద్ద పెట్టింది. ప్రయోగశాలలో మందు తగిలిన మిత్ర పురుగుల్లో 30 శాతం లోపు నష్టపోతే హానిలేనిది. 30 నుంచి 79 అయితే కొద్దిగా హానికరం. 80 నుంచి 99 అయితే ఒక మోస్తరు హానికరం. ఆపైన పూర్తిగా హానికరం. మందు ఒకటే అయినా ఒక్కో మిత్ర పురుగు దగ్గర దాని తరగతి మారవచ్చు.

● పొలంబడి ఎలా పుట్టింది?

వరిలో సుడిదోమ ఆకు తొడుగులో గుడ్లు దాస్తుంది. మందు ఆ గుడ్లదాకా పోదు. వాటిని వెతికి పీల్చే మిరిడ్ నల్లి, పిల్ల దోమల్ని వేటాడే సాలీడు మాత్రం మందుకు చస్తాయి. వారం పది రోజులకు గుడ్లు పగిలే సరికి చేలో కాపలా ఉండదు, దోమ రెట్టింపై లేస్తుంది. ఇండోనేషియా ఇది గ్రహించి 1986లో వరిపై 57 రకాల మందుల్ని నిషేధించింది. 1989లో రైతుల్ని చేలోనే కూర్చోబెట్టి పురుగులు లెక్కించడం నేర్పింది. మన పొలంబడికి మూలం అదే. శత్రువులు రెండుంటే మిత్రుడు ఒకటుంటే చాలు, మందు అక్కర్లేదన్నది అక్కడ నేర్పే సాధారణ సూత్రం.

● బయో పేరుతో విషం

జీవ మందు నిదానంగా పనిచేస్తుంది. బి.టి.కి రెండు మూడు రోజులు, ఎన్.పి.వి.కీ బూజు మందులకూ దాదాపు వారం పడుతుంది. ‘బయో’ అని కొన్నది కొట్టిన గంటకే పురుగుతో పాటు సాలీళ్లూ రాలిపడితే అందులో రసాయనం కలిసిందని అనుమానించాల్సిందే. 1968 నాటి పురుగుమందుల చట్టం ప్రకారం బి.టి., బవేరియా, ఎన్.పి.వి., వేప మందులకూ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. లేబుల్ మీద ఆ నంబరు చూడండి, బిల్లు అడగండి, అనుమానం వస్తే మండల వ్యవసాయ అధికారికి చెప్పండి.

రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు ఒక్క మనవి. ఈసారి చేలోకి మందుతో దిగే ముందు అడ్డంగా నడుస్తూ ఓ 20 మొక్కల ఆకులు తిప్పి చూడండి. శత్రువుల్నీ మిత్రుల్నీ రెండు వరుసల్లో రాసుకోండి. మిత్రులు సరిపడా ఉంటే ఆ రోజుకు ట్యాంకు దించేయండి. కొట్టక తప్పదనిపిస్తే మందును పురుగు పేరు చూసి ఎంచుకుని, సాయంత్రం పూట, చెప్పిన మోతాదులో, పురుగు ఉన్న మేరకే కొట్టండి. మిత్రుల్ని బతకనిస్తే పైరును అవే చూసుకుంటాయి.