ఉప్పాడ తెప్పకు ఇసుక కావాలి

హైదరాబాద్ నుంచి జాందానీ చీరల కోసం ఉప్పాడ వచ్చేవాళ్లు మగ్గాల వీధుల దాకా వెళ్లి వెనక్కి తిరుగుతారు. ఇంకాస్త ముందుకు నడిస్తే మత్స్యకారుల పేటలు, ఒడ్డున వరుసగా ఫైబర్ పడవలు. చెక్క తెప్ప కావాలంటే మాత్రం వెతుక్కోవాలి.

తెప్పంటే నాలుగు దుంగలు కట్టిన పేదవాడి సాధనమని చాలామంది అనుకుంటారు. నేనొప్పుకోను. తేలిక కలప దుంగలను బాడిసెతో చెక్కి, ముక్కు పైకి లేచేలా మలిచి, పక్కపక్కన పేర్చి తాళ్లతో బిగిస్తారు. దానికి కడుపంటూ లేదు కనుక నీళ్లు నిండే పనే లేదు. మీదికొచ్చిన కెరటం దుంగల సందుల్లోంచి కిందికి జారిపోతుంది. బోల్తా కొట్టినా మునగదు, తిరగేసుకుని మళ్లీ ఎక్కుతారు. ఒడ్డుకు ముందే కెరటాలు విరిగే తీరంలో ఇంతకంటే నమ్మకమైనది లేదు. వేట ముగిశాక కట్లు విప్పి దుంగలను విడివిడిగా ఆరబెట్టాలి. నీళ్లు పీల్చిన కలప బరువెక్కితే మర్నాడు కడలిలోకి తోయడం కష్టం.

దక్షిణాన గోదావరి పాయల వైపు తెరచాప నావలు రాజ్యమేలేవి. తాళ్లరేవు, కోరంగి వడ్రంగులు ఒకప్పుడు సముద్రాలు దాటే ఓడలే కట్టారు. 1839 తుపాను కోరంగి రేవును తుడిచిపెట్టింది.

1980లలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వారి బంగాళాఖాత కార్యక్రమం ఉప్పాడలో కొత్త రకం పడవలతో వేట చేయించి చూసింది. ఇంజన్ ఉండాలి, అయినా నేరుగా ఇసుక మీదికి రాగలగాలి. అదీ వాళ్ల ముందున్న చిక్కు. ఆ తర్వాత ఫైబర్ వచ్చింది, 2004 సునామీ తర్వాత మరింత పెరిగింది. దూరం పోయి త్వరగా తిరిగొచ్చే పడవను కోరుకున్న వేటగాడిని తప్పుపట్టలేం.

స్కాట్లండ్‌ తూర్పు తీరంలోనూ ఒకప్పుడు పైకప్పు లేని పడవలనే ఒడ్డుకు లాగేవారు. 1848 ఆగస్టు తుపానులో వంద మంది దాకా చనిపోయాక, పడవలకు పైకప్పు, ఊళ్లకు మంచి రేవులు ఉండాలని ప్రభుత్వ నివేదిక చెప్పింది. రాతి రేవులు పెరిగాక ‘ఫైఫీ’ లాంటి పెద్ద తెరచాప పడవలొచ్చాయి. 1902 నాటి ‘రీపర్’ అనే ఫైఫీని ఆన్‌స్ట్రదర్ మ్యూజియం బాగుచేయించి కాపాడుకుంటోంది.

మన తెప్పకు రేవు అక్కర్లేదు, ఇసుక కావాలి. ఆ ఇసుకే పోతోంది. కాకినాడ-ఉప్పాడ బీచ్ రోడ్డును కెరటాలు ఎన్నిసార్లు కోశాయో! వాయుగుండం వెళ్లిన మర్నాడు ఇక్కడ జనం ఇసుకలో బంగారు రవ్వలు ఏరుకుంటారు. సముద్రం మింగిన ఇళ్లవీ గుళ్లవీ అని వాళ్ల నమ్మకం. పడవను లాగిపెట్టే చోటే కరిగిపోతుంటే, ఒడ్డు కోసం పుట్టిన తెప్ప ఎక్కడ ఆరాలి?

ఉప్పాడ ఫిషింగ్ హార్బర్‌కు 2020లో శంకుస్థాపన జరిగింది. మత్స్యకారులకు అది రావాలి, సందేహం లేదు. దానితోపాటే అక్కడి పెద్దల చేత ఒక తెప్ప కట్టించి ఆ ఆవరణలోనే నిలబెట్టాలి. దుంగల కొలతలు, కట్లు వేసే తీరు, ఒక్కో భాగానికి పేటల్లో వాడే పేరు రాసిపెట్టాలి. ఆ పని తెలిసినవాళ్లకు వయసు మీద పడుతోంది, మత్స్యశాఖ ఈ ఏడాదే మొదలుపెట్టాలి.